పిల్లలు లేని ఓడ కోసం అడిగాను

గాజువాక, విశాఖపట్నం
ఆదివారం

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ సరళా నేనూ కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి షుగరు అదుపులో ఉందా? మీ అత్తగారు తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకోవడం మానారా? పెద్దాడు హాస్టల్లో తిండికి అలవాటు పడ్డాడా? పాప ఎలా ఉంది? ఒక్కొక్కరి గురించీ విడివిడిగా రాయి. అందరం బాగున్నాం అని ఒక్క ముక్కతో సరిపెట్టకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావు. నీ ఫోన్ మోగితే ముందు ఎత్తేది పాప. దాని గొంతు విన్నాక నేను అనుకున్నది చెప్పలేను. అందుకే కాగితం.

దసరా సెలవులకి పాపని పది రోజులు పంపనా అని పోయిన నెల అడిగావు. చూసి చెబుతానన్నాను, చెప్పలేదు. నువ్వు చిన్నబుచ్చుకున్నావని బావగారు మెల్లగా అన్నారు. జవాబు ఈ ఉత్తరం చివర ఉంది. అది ఎలా తేలిందో ముందు రాస్తాను. నీకు తెలిసిన సంగతులు కూడా వరసలో వస్తాయి, ఏమీ అనుకోకు.

ఆరేళ్ళ కిందట నీకు రెండో కాన్పు ప్రాణం మీదికొచ్చింది. నువ్వు మంచం దిగడానికి ఏడాది పట్టింది. మూడో నెలలోనే మేఘనని మేం తెచ్చుకున్నాం. మాకు పిల్లలు పుట్టరని అప్పటికే డాక్టర్లు చెప్పేశారు. "దీన్ని మీరే పెంచుకోండి, నాకు పెద్దాడు చాలు" అన్నావు. సరళ చేస్తున్న ల్యాబ్ ఉద్యోగం మానేసింది. కాగితం రాసుకుందామని ఎవరూ అనలేదు. అక్కాతమ్ముళ్ళ మధ్య కాగితమేమిటి? మొన్న జూన్లో పెద్దాడు హాస్టల్‌కి వెళ్ళాడు, మీ ఇల్లు బోసిపోయింది. పాపని ఒకటో తరగతి మన ఊళ్ళోనే వేద్దామని బావగారు వచ్చారు. అప్పుడు ఇచ్చిందీ నువ్వే, ఇప్పుడు తీసుకెళ్ళిందీ నువ్వే. ఇందులో తప్పుందని నేను ఎవరితోనూ అనలేదు. సరళా అనలేదు.

రైలు కదిలేటప్పుడు పాప కిటికీలోంచి చెయ్యూపింది. సెలవులకి వెళ్తున్నాననుకుంది. సరళ కూడా ఊపింది. ఇంటికొచ్చి ముగ్గురికి సరిపడా అన్నం వండింది. మిగిలిన దానితో మర్నాడు పులిహోర కలిపింది. ఏడవలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. అందుకే నాకు భయం వేసింది.

ఇక్కడ వానలు సరిగ్గా పడలేదు. రెండుసార్లు వాయుగుండం అన్నారు, రెండూ ఒడిశా వైపు పోయాయి. సెప్టెంబరు వచ్చినా చొక్కా ఒంటికి అంటుకునే ఉంటుంది. నా పని మామూలే. పొద్దున పోర్టు, మధ్యాహ్నం స్టీల్‌ప్లాంటు గేటు, సాయంత్రం ఆఫీసు. ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళయినా పచ్చళ్ళలో వీళ్ళు వేసే బెల్లం నా నోటికి పట్టలేదు. వీలైతే చింతకాయ తొక్కు ఒక చిన్న సీసా పంపు.

నేను పొద్దున్నే బయట పడతాను కాబట్టి నాకు గడుస్తుంది. ఇంట్లో ఉండేది సరళ. మా వాకిలికి ఎదురుగా బడి ఉంది, నువ్వు చూశావు. ప్రార్థన గంట కొట్టగానే వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. కింద వాటాలో పిల్లలిద్దరూ వారానికోసారైనా మెట్లెక్కి వచ్చి, "ఆంటీ, మేగన ఎప్పుడొత్తాది?" అని అడుగుతారు. "ఒత్తాదమ్మా, ఎల్లి ఆడుకోండి" అంటుంది. బీచ్‌కి రావడం మానేసింది. భీమిలి పుట్టింటికి కూడా వెళ్ళలేదు, అక్కడ వాళ్ళన్నయ్య పిల్లలున్నారని.

పాప "నాను", "ఏటి" అంటుంటే క్లాసులో నవ్వుతున్నారని ఫోన్లో అన్నావు. మార్చుకుంటుందిలే. పిల్లలు తొందరగానే మార్చుకుంటారు. అది సరళ మాట. ఆరేళ్ళు విన్న మాట.

ఆగస్టులో ఒకరోజు అన్నం వడ్డిస్తూ సరళ అంది: "ఏవండీ, పిల్లలు కనపడని సోటికి నన్ను తీసుకెళ్ళండి. నాలుగు రోజులు సాలు."

అలాంటి చోటు ఎక్కడుంది? అరకు రైలు నిండా పిల్లలే. సింహాచలం కొండ మీదా పిల్లలే. ఆలోచిస్తే ఓడ తట్టింది. మన రేవు నుంచి చెన్నై వెళ్ళొచ్చే విహార ఓడ అప్పుడప్పుడు వస్తుంది, దాని గురించి వార్తలు రాసినవాడినే. కొండకీ గుడికీ ఎవరొస్తారో ముందు తెలియదు. ఓడకి జాబితా ఉంటుంది. అడిగితే లెక్క చెబుతారు.

విచారించాను. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని ఎక్కించుకోని ఓడలు విదేశాల్లో ఉన్నాయట. మన రేవుకి వచ్చేది అలాంటిది కాదు. టిక్కెట్లు చేసే అప్పలరాజు అనే అతని దగ్గరకి వెళ్ళాను. పిల్లలు లేని ఓడ కావాలని ఎలా అడగను? అశుభం కోరుతున్నట్టుంటుంది. చుట్టూ తిప్పి అడిగాను.

"ఓడలో పిల్లలుంటారా?"

"ఎందుకుండరు సార్? ఆళ్ళకి ఆటల గది, జారుడు బల్ల, అన్నీ ఉన్నాయి."

"ఎంతమంది ఉండొచ్చు?"

"సెలవులైతే తిరనాళ్ళే అనుకోండి."

"సెలవులు కాకపోతే?"

"మీ పిల్లలు ఎంతమంది సార్?"

"మేమిద్దరమే వస్తున్నాం."

అతను నా ముఖం వైపు చూశాడు. "పేపరోళ్ళు ఏదీ తిన్నగా అడగరు సార్" అన్నాడు.

నేనే లెక్క కట్టాను. దసరాకి ముందు బళ్ళలో పరీక్షలు ఉంటాయి. పైగా పితృపక్షాలు, ఆ పదిహేను రోజులూ మనవాళ్ళు విహారాలకి కదలరు. వారం మధ్యలో బయలుదేరే ఓడ అయితే ఇంకా మంచిది. మూడూ కలిసిన ప్రయాణం ఒకటి దొరికింది. మంగళవారం ఎక్కి శుక్రవారం దిగడం. ఈలోపు అప్పలరాజుకి మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ అదే ప్రశ్న. బయలుదేరే ముందు రోజు అతనే చేశాడు. "సార్, ఓడ మొత్తానికి ముగ్గురే పిల్లలు."

సరళకి చెప్పాను. "ముగ్గురేనా?" అంది. ఆ సాయంత్రం తనే పెట్టె దించి బట్టలు సర్దింది. జూన్ తర్వాత తను ఒక పని ఎవరూ చెప్పకుండా చేయడం అదే మొదలు.

ఓడెక్కి గది తలుపు తీస్తున్నాం, పక్క గదిలోంచి మూడేళ్ళ పిల్ల పరుగెత్తుకొచ్చి సరళ కాళ్ళకి తగిలింది. బడికి వెళ్ళని పిల్లలకి పరీక్షలు ఉండవు. ఆ సంగతి నా లెక్కలో లేదు. పిల్ల వెనకే వాళ్ళ నాయనమ్మ వచ్చింది. తగరపువలస వాళ్ళు. కొడుకు సిమెంటు డీలరు, కంపెనీ వాళ్ళు పంపిన ప్రయాణం. ఆమె పేరు రామయ్యమ్మ.

అంత పెద్ద ఓడలో ఆ పిల్ల మా పక్కకే ఎలా వచ్చింది? అప్పలరాజుకి ఫోన్ చేశాను.

"నానే ఏయించాను సార్" అన్నాడు. "అన్నిసార్లు పిల్లల గురించి అడిగారు, నాకు అర్తమైపోనాది. మా ఒదినకీ పదేళ్ళు పిల్లల్లేరు సార్. ఎక్కడ పిల్లలుంటే అక్కడికెల్లి కూకునేది. మేడం గారికి కాలచ్చేపంగా ఉంటాదని, సీమెంటాయనకీ నానే టిక్కెట్లు సేశాను, ఆయన పక్క గది అడిగి మరీ మీకు ఏయించాను."

సంతోషం అని ఫోన్ పెట్టేశాను.

గది మార్చమని ఓడ వాళ్ళని అడుగుతానంటే సరళ వద్దంది. "ఎందుకని అడుగుతారు. ఏం సెప్తారు?"

సాయంత్రం పైన డెక్ మీద కూర్చున్నాం. యారాడ కొండ మీద లైట్‌హౌసు వెనకబడుతోంది. రామయ్యమ్మ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. "పచ్చాల రోజుల్లో ఓడెక్కించాడమ్మా మా కొడుకు. ఆళ్ళ నాన్నకి పిండం పెట్టాల్సిన యేళ, మావు సముద్రంలో కేకులు తింటన్నాం. ఆ ముసలోడు పైనుంచి సూసి తిడతన్నాడో, నాకూ ఒక ముక్క పడెయ్యమంటన్నాడో" అంది. సరళ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆవిడ అడిగేసింది.

"పిల్లలెంతమందమ్మా?"

ఈ ప్రశ్నకి ఆరేళ్ళుగా సరళది ఒకటే జవాబు, "ఒక పాప" అని. నేను ఆ మాట కోసమే చూశాను.

"లేరండి" అంది.

నేను సముద్రం వైపు తిరిగాను. ఆ మాట నిజమే. ఒక పాప అన్నప్పుడూ చేతిలో కాగితం లేదు, లేరు అన్నప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున టిఫిన్ల దగ్గర రామయ్యమ్మ మనవరాలిని ఎత్తుకొచ్చి, అడగకుండా సరళ ఒళ్ళో కూర్చోబెట్టింది. మన వైపూ ఉంది కదా, పిల్లలు లేనివాళ్ళ ఒళ్ళో పసిపిల్లని కూర్చోబెట్టి పండు ఇవ్వడం. "ఇక్కడ తాంబూలం ఎక్కడ దొరుకుతాదమ్మా, ఇదే తాంబూలం అనుకో" అని బల్ల మీది ఆపిల్ పండు తీసి చేతిలో పెట్టింది. "నీ కడుపు పండాల." పిల్ల తల్లి సిగ్గుపడి, "అత్తా, ఊరుకోండి" అంది. సరళకి నలభై రెండు నిండాయి. నేను లేవబోయాను. సరళ కూర్చోమన్నట్టు చూసింది.

పిల్ల కంచం వైపు చెయ్యి చాపింది. సరళ ఇడ్లీ తీసి, చుట్టూ గట్టిపడ్డ అంచు గిల్లేసి, మధ్యలో మెత్తటిది చిన్న ముక్కలు చేసి పెట్టింది. మేఘన అలాగే తినేది. మీ ఇంట్లోనూ అంచు వదిలేస్తే తిట్టకు. రెండు ఇడ్లీలు తిన్నది ఆ పిల్ల. వాళ్ళమ్మ ఆశ్చర్యపోయింది. "నా సేత్తో ఒక్కటీ తినదండి!"

ఆ పగలు డెక్ మీద రైలింగు పట్టుకుని సరళ ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. జనం చూస్తున్నారు, చూడనిచ్చాను. చెన్నైలో అందరూ దిగి ఊరు చూడటానికి వెళ్ళారు. మేం దిగలేదు. ఓడలోనే పెరుగన్నం తిని పడుకున్నాం. ఓడ ఊపుకి నాకు తల తిరిగింది కానీ ఇప్పుడు బాగానే ఉన్నాను, దిగులు పడకు.

ఆ తర్వాత మూడు పూటలూ ఆ పిల్లకి సరళే తినిపించింది. ఎవరూ అడగలేదు. తిండి వేళకి పిల్ల తనే వచ్చి మా కుర్చీ దగ్గర నిలబడేది.

శుక్రవారం రేవులో దిగేటప్పుడు పిల్ల వాళ్ళమ్మ చంకెక్కింది. భుజం మీద తల పెట్టుకుని ఇటు చూడనేలేదు. రామయ్యమ్మ, "అత్తకి టాటా సెప్పవే, ఇన్ని పూటలు తిన్నావు, ఇస్వాసం లేదేటే?" అని మందలించింది. పిల్ల తల ఎత్తకుండానే, "అత్తా, టాటా" అంది. సరళ చెయ్యూపింది.

ఆటో ఎక్కి పోర్టు రోడ్డు మీదికి వచ్చాం. బొగ్గు లారీల వెనక ఆగి ఉన్నాం. అప్పుడు సరళ అంది: "అక్కకి రాయండి. పాపని పంపమనండి. పది రోజులూ ఉంచుకుందాం. ఆ పిల్ల అలా ఎల్లిపోనాది సూడండి, ఆళ్ళమ్మ చంకెక్కి. పిల్లలు అలాగే ఎల్లాల. కానీ ఒకటి. అది నన్ను అమ్మా అనకూడదు. అమ్మా అంటే నాను మల్లీ పంపలేను."

ఇదీ జవాబు అక్కా. పాపని పంపు. బావగారు తీసుకొచ్చినా సరే, నేనొచ్చి తీసుకొచ్చినా సరే. ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో వేస్తున్నాను. దాని టీకాల కార్డు కూడా ఇందులోనే ఉంది, ఐదేళ్ళ టీకా వేయించేశాం. జ్వరం వస్తే మాత్ర నీళ్ళలో కలిపి ఇవ్వకు, కక్కేస్తుంది. తేనెలో ఇవ్వు.

బయలుదేరేలోపు నువ్వొక పని చేసిపెట్టాలి. సరళ అత్త, నేను మావయ్య, అసలు వరస ఇదేనని నువ్వే దానికి నేర్పు. మేం నేర్పితే వదిలించుకుంటున్నాం అనుకుంటుంది. నువ్వు చెబితే వరస అనుకుంటుంది. కోప్పడి చెప్పకు. రోజుకి రెండుసార్లు ఆటలా అనిపించు. మావయ్యా అని పిలిస్తే నేను పలుకుతానని చెప్పు. మొదట్లో ఒక్క క్షణం ఆలస్యమైతే, వినపడక కాదు, అలవాటు లేక అని చెప్పు.

బావగారికి, మీ అత్తగారికి మా ఇద్దరి నమస్కారాలు అందజెయ్యి. సరళని మనసులో ఆశీర్వదించు, తనకి ఇప్పుడు అదే కావాలి. పెద్దాడికి మా దీవెనలు. మేఘనకి అత్తయ్య, మావయ్యల ముద్దులు.

నీ తమ్ముడు
సూర్యం