ఒక సమాధిలో సగం వాటా

ఇంగ్లండు దేశం డరమ్ సీమ, హార్లీ ఫెల్ బొగ్గుగని పేటలో కాపురముంటున్న డోరతీ రాబ్సన్ అనే నేను, కీర్తిశేషుడు కత్‌బర్ట్ భార్యను, కాళ్లు లేవకపోయినా బుద్ధి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా బడిపంతులు గారి చేత రాయించిన వీలునామా. దీన్ని అమలు జరిపే పూచీ నా మేనల్లుడు ఎడ్మండ్‌ది.

1. మంచం, గడియారం ఎడ్మండ్‌కు. గడియారం ఆలస్యంగా నడుస్తుంది, అతనూ అంతే. పొత్తు కుదురుతుంది.

2. అల్లికసూదులు అతని కూతురు ఫీబీకి. పిల్ల మరీ బిగించి అల్లుతుంది. మడమ దగ్గర కాస్త వదులు చెయ్యమనండి.

3. గని యజమానికి ఏమీ లేదు. లోపల గాలి చెడిందని మగవాళ్లు మొత్తుకున్నా వాళ్లను గనిలోకి దింపాడు. ఆ గాలి అంటుకుని పేలాక, మంట ఆర్పడానికి గనిలోకి ఏటినీళ్లు వదిలించాడు. అప్పటికి ఒక మనిషి ఇంకా పైకి రాలేదు.

4. ఇక పొరుగింటి టమర్ స్టోబార్ట్ సంగతి. ఆమెకు అల్లిక రాదు, నాకు రొట్టె కుదరదు. అందుకని ఆమె మాకు రొట్టె కాల్చేది, నేను ఆమె భర్త రాల్ఫ్‌కు కూడా మేజోళ్లు అల్లేదాన్ని. గని పేలాక మా ఇద్దరి మగవాళ్లే లోపల మిగిలారు; చివరగా పైకి తెచ్చిన ఒక్క శవానికి ముఖం లేదు. ఒక కాలికి నేనల్లిన మేజోడు ఉంది. నా భర్తే అన్నాను. టమర్ అందరి ముందూ, "మేజోడు నువ్వల్లిందేనే డోరతీ, తొడుక్కున్నది నా మొగుడు!" అంది. పాదిరి నా మాటే నమ్మాడు. అప్పటినుంచి గోడకు గోడ ఆనుకుని ఉన్నా మాకు మాటల్లేవు. ఆమె రొట్టె వాసన మాత్రం రోజూ వచ్చేది. నాకు ఏడుపొచ్చేది.

ఆయన కత్‌బర్టే అని ఇప్పటికీ అంటాను. నేనన్నంత మాత్రాన అయిపోదు. కాబట్టి ఆ సమాధిలో సగం వాటా టమర్‌కు రాసిస్తున్నాను. నా కోళ్లు అమ్మి, రాతి మీద రాల్ఫ్ పేరు కూడా చెక్కించాలి. నన్ను ఆయన ఎడమ పక్కన పెట్టండి. కుడి పక్క ఆమెది.

రాసినవాడి గమనిక: సాక్షిగా టమర్‌ను డోరతీయే పిలిపించింది. వాటా పొందేవారు సాక్షి సంతకం చెయ్యకూడదని చెప్పి కలం వెనక్కి తీసుకున్నాను. "నాకేం వాటా?" అంది. నాలుగో అంశం చదివి వినిపించాను. అప్పుడు టమర్ నేరుగా డోరతీతోనే అంది: "కుడి పక్క నాకొద్దే. రాల్ఫ్‌కు ఆ చెవి వినపడదు."

డోరతీ మార్చమంది. ఎడమ పక్క టమర్‌ది, కుడి పక్క డోరతీది.

1841 నవంబరు 9
డోరతీ రాబ్సన్ గుర్తు: ×
మార్పుకు ఒప్పుకోలు గుర్తు: ×
సాక్షులు: జోసయ్య పాట్స్, వడ్రంగి; ఎలినార్ క్రేగ్, మంత్రసాని