నేను చేసిన ఒక్క ఫోను

ఇన్‌స్పెక్టర్ గారికి,

పెళ్ళి పేరుతో ఆన్‌లైన్‌లో జనాన్ని దోచుకునే ఆ ముఠా అద్దెకు తీసుకున్న సర్వర్‌ను మా కంపెనీలో కనిపెట్టుకుని ఉన్నది నేనే. గురువారం పదకొండింటికి మూడు దేశాల పోలీసులు ఒక్కసారే దాడి చేస్తారని, అదే నిమిషంలో నేను సర్వర్ ఆపాలని, అప్పటిదాకా పెదవి విప్పకూడదని మీరే చెప్పారు. బుధవారం పొద్దున్నకే ముఠా దాన్ని ఖాళీ చేసి మాయమైపోయింది. మాట బయటపెట్టింది పొరుగుదేశపు ఆఫీసరని మీవాళ్ళు అనుమానిస్తున్నారట. ఆయన కాదండీ, నేను.

సోమవారం, మోసపోతున్నవాళ్ళ జాబితా సరిచూస్తుంటే మా పిన్ని పేరు కనిపించింది. పెళ్ళి చేసుకుంటానని నమ్మించిన 'డాక్టరు'కి మర్నాడు ఇంటి పత్రాలు పంపబోతోంది. మెట్లకిందకు వెళ్ళి ఫోన్ చేశాను.

"పిన్నీ, వాడు దొంగ. గురువారం దాకా నోరెత్తకు."

"గురువారం ఏముందే?"

చెప్పేశాను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పాను.

పిన్ని వాడికి పత్రాలు పంపలేదు, తిట్లు పంపింది: "ఒరేయ్, గురువారం పోలీసులొచ్చి నీ తోలు వలుస్తార్రా!" మంగళవారం సాయంత్రం, ఆ సర్వర్‌కు చేరిన ఆ మెసేజ్‌ను నా తెరమీదే చదివాను. చదివి కూడా మీకు చెప్పలేదు.

ఆ ఆఫీసరుగారిని వదిలెయ్యండి. నాకు ఏ శిక్ష వేసినా కాదనను. పిన్ని మాత్రం నేను బంగారమని ఇరుగుపొరుగుకు చెప్పుకుంటోంది.

ఆ జాబితాలో నాలుగువందల పన్నెండు పేర్లున్నాయి. మిగిలిన నాలుగువందల పదకొండు మందీ ఎవరికో ఒకరికి పిన్నో, బాబాయో. వాళ్ళెవరికీ నేను ఫోన్ చెయ్యలేదు.

ఇట్లు,
మీరు నమ్మిన సర్వర్ గది ఉద్యోగిని