బతికున్న మనిషి బొమ్మకు దండ

శుక్రవారం, కడప

ఈరోజు నా బొమ్మల ప్రదర్శనలో నాగప్ప బొమ్మకు ఎవరో చామంతి దండ వేసి పోయారు. వాళ్లది తప్పని అనలేను. మా వైపు ఫ్రేము కట్టిన ముసలి మనిషి బొమ్మ గోడమీద ఉందంటే ఆ మనిషి పోయినట్టే. నాకు వచ్చే పనులు కూడా పోయినవాళ్ల బొమ్మలే. నాగప్ప మాత్రం మా వీధిలో నిక్షేపంగా మగ్గం నేస్తున్నాడు. నేనే అడిగి, ఎదురుగా కూర్చోబెట్టి గీశాను.

దండ తీసేలోపే ఆయన భార్యతో లోపలికి వచ్చాడు. చూసి పెద్దగా నవ్వాడు.

"ఏమప్పా, నాకొక మాటన్నా చెప్పకుండా సాగనంపినావే!"

లక్ష్మమ్మ ముఖం నల్లబడింది. "నువ్వు నగొద్దు. నాయనా, దాన్ని దించెయ్యి. ల్యాకపోతే ఈయప్ప పక్కన నన్నూ గియ్యి. ఇద్దరముంటే ఎవురూ దండ ఎయ్యరు."

"ఇద్దరికీ కలిపి పెద్దది ఏస్తార్లే" అన్నాడాయన.

ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. రేపు చెప్తానని ఆయన్ను పంపించాను.

దించితే, నేను చూపించుకోదగ్గ బొమ్మ ఇంకొకటి లేదు. ఆమెను గీస్తే ఆ బొమ్మ చెడిపోతుందనే భయం. ఆయన పక్కన చోటు వెలుతురు కోసం కావాలనే వదిలాను. హాలు మూసేముందు మళ్లీ పోయి చూశాను. అక్కడ వెలుతురు కనిపించలేదు. ఒక మనిషిని కూర్చోనివ్వకుండా నేను అడ్డం నిలబడినట్టుంది. నిన్నటిదాకా ఇలా కనిపించలేదు.