నాలుగుంపావుకి తెగే లైను

సముద్రం మధ్యలో దీపానికి కాపలా కూర్చున్న మావారికి,

మీ ఉత్తరం పడవ మీద వచ్చి నిన్న అందింది. అన్నీ రాశారు గానీ దగ్గు సంగతి మాత్రం దాటేశారు. దాని లెక్క తర్వాత తేలుస్తాను.

మా కుట్టు దుకాణం శనివారంతో మూసేశారు. బెంగపడకండి, మా మేడమ్ మాట తప్పే మనిషి కాదు. కటింగ్ పాఠాలు ఇంటి నుంచే వీడియోలో చెప్పే పని ఇప్పించింది. మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదు దాకా, పదకొండు మంది. ఇన్నేళ్లూ పొద్దున పోయి ఆరింటికి ఇల్లు చేరిన దాన్ని, ఇప్పుడు గడప దాటకుండా జీతం తెచ్చుకోవాలి. అందుకని ఇంటికి నెట్ పెట్టించాను.

పెట్టించాను అని ఒక్క ముక్కలో రాసేశాను గానీ, రెండు రోజులు నానా తిప్పలూ పడ్డాను. కంప్యూటర్ల దుకాణంలో అమ్మాయి ఎన్ని గదులు, గోడలు ఎంత మందం, ఎంతమంది వాడతారు అని ఆరా తీసింది. ఒక్కదాన్నే, గోడలు మాత్రం కోటగోడలు అన్నాను. నాలుగు కొమ్ముల పెట్టె ఒకటి చూపించింది. చూడ్డానికి దర్జాగా ఉందని తెచ్చేసుకున్నాను. తీరా ఇంటికొచ్చి చూస్తే ఫోను తీగ దూర్చడానికి దానికి చోటే లేదు. తీగలోంచి నెట్‌ని లోపలికి తెచ్చేది మోడెముట, దాన్ని గదులకి పంచిపెట్టేది రౌటరుట. నేను పంచేదాన్ని కొన్నాను, తెచ్చేదాన్ని మరిచాను. మర్నాడు వెళ్లి, రెండూ ఒకదాంట్లోనే ఉన్న రెండు కొమ్ముల పెట్టె మార్చుకొచ్చాను.

హాల్లో ఫోను ఊడదీసి అటక మీద పెట్టి, ఆ తీగని దీనికి తగిలించాను. పెట్టె అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో పాస్‌వర్డ్ ఉంటే మీ భూతద్దంతో చదివాను. మూడు దీపాలు వెంటనే వెలిగాయి. నాలుగోది కొట్టుకుని కొట్టుకుని చివరికి నిలబడింది. దీపాల మనిషి పెళ్లాన్ని కదా, నాలో నేనే మురిసిపోయాను.

ఇక అసలు సంగతి. దీంతో పాటు ఒక కాగితం పెడుతున్నాను. ఫోన్ నంబరు వదులుకుని తీగని ఒక్క నెట్‌కే ఉంచుకోవచ్చుట. అమ్మ పోయాక నంబరు మీ పేరు మీదికి మార్చాం కాబట్టి సంతకం మీరే పెట్టాలి. నెలాఖరులోగా ఇస్తే ఒకటో తారీకు నుంచి నంబరు ఉండదు. దాన్ని కంఠతా పట్టిన మనిషి లోకంలో ఒక్కతే, మా చెల్లి చిట్టి. అమ్మ పోయి రెండేళ్లు. ఈ రెండేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఫోన్ చేసి అక్కా బతికున్నావా అని అడగలేదు. ఇంక ఎవరి కోసం ఆ నంబరు? సంతకం పెట్టి మళ్లీ పడవకే పంపండి.

మీ ఇంటావిడ

*

దగ్గు దాచే దొరగారికి,

సంతకం రాలేదు, ప్రశ్న వచ్చింది. 'నంబరు తీసేసే ముందు చిట్టికి ఒక మాట చెప్పావా?' అని. చదివి ఒళ్లు మండిపోయింది. మీ ఉత్తరం మడిచి అవతల పడేసి, పది నిమిషాలు కత్తెరలు నూరుకుంటూ కూర్చున్నాను.

అసలే ఇక్కడ నా పని కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. రోజూ సరిగ్గా నాలుగుంపావుకి నెట్ తెగిపోతోంది. నిన్న మెడ లోతు గీసి, ఇక్కడ చెయ్యి వణికితే బట్ట పోయినట్టే అని చెబుతూ కత్తెర పెట్టాను, అంతే. అటువైపు పదకొండు మందికీ నేను నోరు తెరిచి బొమ్మలా బిగుసుకుపోయి కనిపించానుట. తిరిగి రావడానికి మూడు నాలుగు నిమిషాలు. పెట్టెని బీరువా మీద పెట్టాను, కుట్టు మిషను మీద పెట్టాను, దాని కొమ్ములు అన్ని దిక్కులకీ తిప్పాను. ఒక్క ఆదివారమే బుద్ధిగా ఉంటుంది. ఈ వారంలోగా బాగుచేయించుకోకపోతే పాఠాలు ఇంకొకరికి ఇస్తానని మేడమ్ మెత్తగానే చెప్పింది. రేపు లైన్‌మన్ వస్తానన్నాడు.

మీ ప్రశ్నకి జవాబు రాయాలి. ఎదురుగా ఉంటే చెప్పలేను. మీరు అక్కడ, నేనిక్కడ ఉండగానే రాసేస్తాను.

చిట్టి నాకు ఫోన్ చేయలేదని రాశాను. నేను మొబైల్ నంబరు మార్చుకున్నాననీ, కొత్తది దానికి ఇవ్వలేదనీ మీకెప్పుడూ చెప్పలేదు. అది చిన్నది. ఇంకా ఉంది. అమ్మ ఆఖరి వారంలో చిట్టి ఫోన్ చేసి, 'నేను రానా అక్కా' అని అడిగింది. 'అక్కర్లేదు, కుదుటపడింది' అన్నాను. కుదుటపడలేదు. రెండు మూడు రోజులకు మించదని డాక్టర్ ఆ పొద్దున్నే చెప్పాడు. మీక్కూడా అబద్ధమే చెప్పాను, డాక్టర్ ఏమీ తేల్చలేదని.

ఎందుకంటారా? అమ్మకి ఆరేళ్లు, దుకాణానికి వెళ్లే ముందూ వచ్చాకా, మంచం దగ్గర నేను చేశాను. స్నానం, మందులు, దుప్పట్లు అన్నీ నేనే. అమ్మ నోట మాత్రం ఎప్పుడూ చిట్టి పేరే. ఆఖర్లో నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడితే నన్ను చూసి 'చిట్టీ' అనేది. అది వచ్చి ఆ మంచం మీద కూర్చుంటే, ఆ చివరి రెండు రోజులు కూడా నావి కాకుండా పోతాయనిపించింది. అమ్మని నాకే ఉంచుకోవాలనుకున్నాను. చిట్టి వచ్చేసరికి అంతా అయిపోయింది. 'కడసారి చూపు లేకుండా చేశావు' అని అందరి ముందూ అంది. నేను తప్పు ఒప్పుకోకుండా, ఇంక ఈ గడప తొక్కకు అన్నాను. నా మాట అది నిలబెట్టింది. దాని మీద కోపం అనుకుంటూ ఇన్నాళ్లూ మోసింది నా సిగ్గునే.

ఇప్పుడు తెలిసింది కదా. దానికి చెప్పే ముఖం నాకు లేదు. ఆ నంబరు పోతే ఎదురుచూడటమైనా ఆగుతుంది. సంతకం పెట్టండి.

మీ ఇంటావిడ

*

నాకన్నా నన్నెక్కువ ఎరిగిన మావారికి,

మీరు సంతకం పెట్టి పంపిన కాగితం ఈ పొద్దున అందింది. 'నీ ఇష్టం, తొందరపడకు' అని అంచున రాశారు. కాగితం ఏమైందో చివర్లో చెబుతాను.

లైన్‌మన్ మూడు రోజుల క్రితం వచ్చాడు. పెద్దాయన, మాట పొదుపు. పెట్టెలో రోజువారీ చిట్టా ఉంటుందిట, నా కంప్యూటర్‌లోనే తెరిచి చూపించాడు. సోమవారం నుంచి శనివారం దాకా, రోజూ నాలుగుంపావు. "ఇంట్లో ఇంకో ఫోనుందా అమ్మా" అని అడిగాడు. లేదన్నాను. కాసేపాగి మళ్లీ అడిగాడు, మళ్లీ లేదన్నాను. ఆయన వాదించలేదు. గోడ వారగా తీగ పట్టుకుని నడుస్తూ అమ్మ గది తలుపు దగ్గర ఆగాడు. అది పాత తీగ అన్నాను.

"తీగకి పాతా కొత్తా ఉండదమ్మా, చివర ఏముందో చూడాలి" అన్నాడు.

తాళం తీశాను. మంచం తలవైపు, చిన్న బల్ల మీద ఆ ఫోను అలాగే ఉంది. మరిచిపోయానని ఆయనతో అన్నాను. నిజానికి ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా అటు చూడకుండా ఊడ్చుకొచ్చేదాన్ని. గంట మోగితే అమ్మ ఉలిక్కిపడుతోందని, ఆ ఫోను అడుగు విప్పి గంటల మధ్య గుడ్డ పీలిక కుక్కింది నేనే. అప్పట్నుంచి నాలుగు దాటాక అమ్మ దాని మీద చెయ్యి వేసుకుని పడుకునేది, సెలవు పెట్టిన రోజుల్లో చూశాను. చప్పుడు లేకపోయినా వణుకు తెలిసేది. చిట్టి ఆసుపత్రిలో డ్యూటీ దిగి, రోజూ నాలుగుంపావుకి అమ్మకి ఫోన్ చేసేది.

లైన్‌మన్ తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. నెట్ ఉన్న తీగ మీద ఫోను కూడా ఉంటే మధ్యలో ఫిల్టరు అనే చిన్న డబ్బా పెట్టాలిట. అది లేదు కాబట్టి ఫోన్ వచ్చినప్పుడల్లా నెట్ తెగుతోందిట. "ఎవరో రోజూ చేస్తున్నారమ్మా, మీకే వినబడటం లేదు" అన్నాడు.

అప్పటికి నాలుగు కావస్తోంది, క్లాసులో వాళ్లకి గీతల పని ఇచ్చి వచ్చాను. ఆయన సంచీలోంచి డబ్బా తీశాడు. అరగంట ఆగి పెట్టమన్నాను. నా ముఖం చూసి, బయట స్తంభం చూసొస్తానని వెళ్లిపోయాడు. క్లాసులో వాళ్లకి మిగిలింది రేపు అని చెప్పేసి, అమ్మ మంచం మీద కూర్చుని ఫోను మీద చెయ్యి వేశాను.

వణికింది. హాల్లో నాలుగో దీపం ఆరిపోయి ఉంటుంది. రెండు, మూడు, నాలుగు సార్లు వణికాక ఎత్తాను.

అవతల ఊపిరి వినబడింది. "అక్కా?" అంది చిట్టి.

ఏడుపు వచ్చేలోపే చెప్పెయ్యాలనుకున్నాను. "చిట్టీ, డాక్టర్ ఆ రోజే చెప్పాడే. తెలిసే నిన్ను రావద్దన్నాను" అన్నాను.

"తెలుసక్కా. అమ్మ పోయిన మర్నాడే డాక్టర్‌ని అడిగాను."

తెలిసీ రెండేళ్లు రోజూ ఎందుకు చేశావని అడిగాను. ఎవరూ ఎత్తరని తెలిసే చేశానంది. ఆ వేళకి నేను దుకాణంలో ఉంటానని దానికి తెలుసు. "అమ్మ పక్కన మోగుతూంటే చాలనిపించేది" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. బావ దగ్గు తగ్గిందా అని మాత్రం అడిగింది. చూశారా, మీ దగ్గు ఊరందరికీ తెలుసు.

నా కొత్త నంబరు ఇస్తానన్నాను. వద్దంది, దీనికే చేస్తానంది. ఆదివారం వస్తానంది.

లైన్‌మన్ ఫిల్టరు పెట్టి వెళ్లాడు. ఇప్పుడు ఫోను వచ్చినా నెట్ తెగదు. అయినా నా క్లాసు అయిదింటికి మార్పించుకున్నాను. నాలుగుంపావుకి మా ఇంట్లో నెట్ ఉండదని మేడమ్‌కి చెప్పాను. అబద్ధమే, కానీ ఈసారి సిగ్గుగా లేదు. గంటలోంచి గుడ్డ కూడా తీసేశాను. ఎంత మోతో, పక్కింటి వాళ్లు తలుపు తీసి చూస్తున్నారు.

మీ సంతకం కాగితం దళసరిగా, బాగుంది. దాని వెనక చొక్కా జేబు కొలత గీసుకుని కత్తిరించాను.

మీ ఇంటావిడ,
చిట్టి వాళ్లక్క