ఎవరూ లేనివారి లిస్టులో ఉన్న ఒక నంబరు గురించి

గౌరవనీయులైన సైనిక సంక్షేమాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: క్రిస్మస్ పార్సిళ్ళ నిమిత్తం హాలు గోడకు అంటించిన లిస్టులో ఒక నంబరును కొట్టివేయకుండా ఉంచుట గురించి, మరియు అదే నంబరుకు సంబంధించిన ఇంకొక సంగతి గురించి.

తమరు క్షేమమని తలుస్తాను. పోయిన వారం హాలుకొచ్చి మాట్లాడినప్పుడు తమ గొంతు బాగా బొంగురుపోయి ఉంది. వేడినీళ్ళు తాగుతున్నారో లేదో. గుమస్తా అమ్మాయి నడుము నొప్పి తగ్గిందా? ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, నొప్పి అందువల్లే, రెండుసార్లు చెప్పాను. గేటు దగ్గర కాపలా ఆయన కంటి ఆపరేషన్ అయ్యాక కూడా దుమ్ములోనే నిలబడుతున్నాడు, నల్లద్దాలు పెట్టుకోమనండి. తమ డ్రైవరు గారి చంటిదానికి జ్వరం అన్నారు, తగ్గితే కబురు చెప్పమనండి. నాకు మోకాళ్ళు తప్ప అంతా బాగానే ఉంది. అర్జీలో ఇవి రాయకూడదని మా ఆయన అనేవారు. ఆయన పద్దెనిమిదేళ్ళు సైన్యంలో చేసి, తర్వాత బతికినన్నాళ్ళూ అర్జీలు రాశారు. ఆ కాగితాలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి. ఇంకొకరి ఆరోగ్యం కూడా అడగాలి, అది ఎవర్ని అడగాలో తెలియకే ఈ అర్జీ.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను నాలుగేళ్ళుగా ప్రతి డిసెంబరులో తమ కార్యాలయం వెనక హాలులో, మూడో బల్ల దగ్గర పార్సిళ్ళకు టేపు వేస్తున్నాను. ఇంటివాళ్ళున్న జవాన్లకు ఇంటివాళ్ళు తెస్తారు. ఎవరూ లేనివారికి ఊళ్ళో దయగలవాళ్ళు ఒక్కో నంబరు తీసుకుని తెస్తారు. ఆ లిస్టులో పేర్లు వేయకుండా ఒట్టి నంబర్లే వేస్తారు, ఎవరినీ చిన్నబుచ్చకుండా. మంచి పద్ధతే. పోయిన మంగళవారం నా టేపు చుట్ట అయిపోయి కొత్తది తెచ్చుకోబోతూ ఆ లిస్టు ముందు ఆగాను. పదిహేడో వరుసలో ఉన్న నంబరు నాకు నోటికి వచ్చు. ఏళ్ళ తరబడి కవర్ల మీద రాశాను.

మా బల్లకి పెద్ద ఒకావిడ ఉంది. మెడలో కత్తెర వేలాడేసుకుని తిరుగుతుంది గనక కత్తెరావిడ అంటాం.

"ఏంటక్కా, గోడకి అతుక్కుపోయావు? పని ఇక్కడుంది," అంది.

"ఈ నంబరు ఎక్కడో చూసినట్టుంది."

"తొమ్మిది దాటిన అంకె ఏముంది లోకంలో? అన్నీ చూసినట్టే ఉంటాయి. రా, వచ్చి అతికించు."

వెళ్ళి అతికించాను. ఆ రోజు రెండు పార్సిళ్ళకు అడ్రసు చీటీలు తలకిందులుగా అంటించానట. క్షమించవలెను.

2. సదరు నంబరు మా అబ్బాయిది.

3. ఇందులో తమ కార్యాలయం పొరపాటు ఏమీ లేదు. జవాన్లు నింపి ఇచ్చే ఫారంలో ఎవరూ లేరని వాడే రాసి ఉంటాడు. కారణం దాచను. మూడేళ్ళ కిందట మా ఆయన పోయినప్పుడు వాడు ఎక్కడో సరిహద్దు మీద కాపలాలో ఉన్నాడు. రాత్రింబవళ్ళు తుపాకీ పట్టుకుని నిలబడేవాడు, ఈ మాట వింటే మనసు చెదిరి వాడికేమైనా అవుతుందేమో అనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇరవై రెండు రోజులు గడిపాను. వాడు ఫోను చేస్తే "నాన్న ఇప్పుడే పడుకున్నార్రా" అన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. సెలవు మీద వాళ్ళ నాన్నకి గడ్డం గీసుకునే మిషను కొనుక్కుని వచ్చాడు. గుమ్మంలోనే తెలిసింది.

అరవలేదు, ఏడవలేదు. "నా చేతికి తుపాకీ ఇచ్చినవాళ్ళు నన్ను నమ్మారమ్మా, నువ్వు నమ్మలేదు," అన్నాడు. మర్నాడే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం లేదు.

4. ఇంటివాళ్ళు ఉన్నారని తెలిస్తే ఆ నంబరును లిస్టులోంచి తీసేయడం తమ నిబంధన. అయ్యా, తీసేయకండి. నా పార్సిలు వాడు తీసుకోడు. రెండు డిసెంబర్లు పంపాను, రెండూ 'తీసుకొనలేదు' అన్న ముద్రతో తిరిగొచ్చాయి, టేపు కూడా ఊడదీయలేదు. లిస్టులోంచి తీసేస్తే పండగపూట అందరికీ పార్సిళ్ళు పంచుతుంటే వాడొక్కడే చేతులు కట్టుకుని నిలబడాలి. వాడు తిండిపోతు కాదు, కానీ పక్కవాడు విప్పుతుంటే చూడటం వేరు. కాబట్టి వాడికి తల్లి ఉన్నట్టు తమకు తెలియాలి, కానీ తెలిసినట్టు ఎక్కడా రాసుకోకూడదు. ఇలా అడగొచ్చో లేదో నాకు తెలియదు. మా ఆయన కాగితాల్లో ఇలాంటి అర్జీ లేదు.

5. వాడి నంబరు రెండేళ్ళుగా తీసుకుంటున్నది ఒక దర్జీ. ఆయనా పాత సిపాయే, యూనిఫాములు కుట్టి రిటైరయ్యాడు. గుమస్తా అమ్మాయి నాకేమీ చెప్పలేదు, ఆమెను ఏమీ అనకండి. ఈసారి ఆయన పార్సిలు నా బల్ల మీదికే వచ్చింది, చీటీ మీద ఆ నంబరు చూసి ఆయన కొట్టుదాకా వెంటపడ్డాను. కొట్లో స్టూలు వేసి కూర్చోబెట్టి, మాట మధ్యలో, "కుర్రాడు జవాబు రాస్తాడక్కయ్యా," అని సొరుగులోంచి ఉత్తరం తీసి చదివాడు. "బాబాయ్, మీరు పంపిన సాక్సులు వేసుకున్నాక మడమలు పగలడం తగ్గింది" అని ఉంది. వాడికి మడమలు పగిలాయని నాకు అప్పుడే తెలిసింది.

"ఎడమ పాదం ఒక సైజు పెద్దది తమ్ముడూ, రెండూ ఒకటే కొంటే అది ఒరుసుకుంటుంది," అన్నాను.

దర్జీ కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. కొలతలు తీసేవాడు కదా, ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. "నువ్వు అల్లినవి పట్రా, నా పార్సిల్లో పెట్టేద్దాం. ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"సామాన్ల చీటీ మీద సంతకం నీది కదా. విప్పి చూసి అడిగితే?"

"సాక్సుల్ని ఎవరు అడుగుతారక్కా? నువ్వే ఆఫీసుకెళ్ళి చెప్పేలా ఉన్నావు."

అన్నట్టే చెబుతున్నాను. చెప్పకుండా దాచి ఒకసారి చూశాను కదా. ఒక జత ఉన్ని సాక్సులు, మడమలకి రాసే మందు డబ్బా ఒకటి. ఇవి దర్జీ పార్సిల్లో పెట్టడానికి అనుమతి ఇప్పించవలెను. చీటీ గీటీ ఏదీ లోపల పెట్టను. పేరు ఆయనదే ఉండనివ్వండి. వాడు బాబాయ్ అనుకునే మనిషిని నేను చెడగొట్టను.

6. అసలు సంగతి ఇది. ముందే రాస్తే తమరు మిగతాది చదవరేమోనని చివరికి పెట్టాను. అదే ఫారంలో కింద ఇంకో గడి ఉంటుందని, ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలో అందులో రాస్తారని, గుమస్తా అమ్మాయి ఇంకెవరికో చెబుతుంటే విన్నాను. పైన ఎవరూ లేరని రాసినవాడు కింద ఏం రాసి ఉంటాడు?

అయ్యా, ముప్ఫై ఏళ్ళు సిపాయి ఇంట్లో ఉన్నదాన్ని. కబురు రాలేదంటే మనిషి బాగున్నాడని అర్థం, మేమంతా అలాగే బతుకుతాం. మొగుడు అక్కడున్నా, ఇప్పుడు వీడు అక్కడున్నా, పోస్టుమాన్ గుమ్మం దాటి వెళ్ళిపోతే హమ్మయ్య అనుకుని పొయ్యి వెలిగిస్తాను. మంగళవారం నుంచి అలా అనుకోవడానికి లేకుండా పోయింది. నాకు తెలపమని ఎక్కడా రాసి లేనప్పుడు, కబురు రాకపోతే ఏమనుకోవాలి? చెప్పాల్సిన కబురు చెప్పని దానివి, నీకెందుకు చెప్పాలి అని తమరు అడగొచ్చు. అయినా ఆ గడిలో నా అడ్రసు రాయించవలెనని వేడుకొనుచున్నాను. వాడు బాగున్నంతకాలం నాకేమీ తెలపక్కర్లేదు.

నంబరు ఈ కాగితం మీద వేయడం లేదు, వేస్తే రికార్డయిపోతుంది. స్వయంగా వచ్చి నోటితో చెబుతాను. దయచేసి ఇది తమరొక్కరే చిత్తగించవలెను, చిత్తగించి మడిచి సొరుగులో వేయవలెను.

తమ విధేయురాలు,
మూడో బల్ల దగ్గర టేపు వేసే ముసలమ్మ

మళ్ళీ రాసేది: కవరు అంటించబోయి విప్పాను. ఆ గడిలో సిరాతో రాయించకండి. వాడు ఎప్పుడైనా ఆ ఫారం చూసి, తన మాట కాదని మళ్ళీ నేనే ఏదో చేశానని అనుకుంటాడు. పెన్సిలుతో సన్నగా రాయండి. వద్దనుకుంటే చెరిపేసుకుంటాడు, చెరపకపోతే ఉంటుంది. పార్సిళ్ళ లారీ పంతొమ్మిదిన బయల్దేరుతుందన్నారు కనుక, నేను పద్దెనిమిదో తేదీ గురువారం పొద్దున పదింటికి తమ గది బయట బల్ల మీద కూర్చుని ఉంటాను.