రేపల్లె వడ్లకు మీరు పెట్టిన షరతు

ఏమండీ,

నిన్న మీ సాంవత్సరికం జరిగింది. ఈ పొద్దున్నే మీ శిష్యురాలు సుశీల బాపట్ల నుంచి తెనాలి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, “వాళ్లు ఒప్పుకున్నారు పిన్నిగారూ!” అంది.

రేపల్లె ఉప్పునేలల్లో పండే వరి మీద కలిసి పరిశోధన చేద్దామని ఆ విదేశీ యూనివర్సిటీ వాళ్లు వచ్చినప్పుడు బాపట్లలో మీ వ్యవసాయ కాలేజీ అంతా సంబరపడింది. విత్తనాలన్నీ తమకే పంపాలనీ, తాము సరేననేదాకా ఫలితాలు మన రైతులకు కూడా చెప్పకూడదనీ షరతులు పెట్టేసరికి మీరొక్కరే ఎదురు షరతులు పెట్టి, అవి ఒప్పుకునేదాకా సంతకం పెట్టనన్నారు. “పరికరాలన్నీ వాళ్లే ఇస్తారంట. మాస్టారికి ఇంత పట్టుదల ఏంటండీ?” అని సుశీలే నా దగ్గర ఏడ్చింది. ఆ పిల్ల పరిశోధన ఆగిపోతుందేమోనన్న దిగులు మీకూ చివరిదాకా ఉంది.

మీ తర్వాత ఆ బాధ్యత సుశీలకే అప్పగించారు. తీరా సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ఆమెకూ చేతులు రాలేదట. “వద్దని తిప్పి పంపలేదండి. మాస్టారు అడిగినవే నేనూ అడుగుతూ వచ్చాను” అంది. ఇప్పుడు సగం విత్తనం బాపట్లలోనే ఉంటుంది. ఏం తేలినా రేపల్లె రైతులకు దాపరికం లేకుండా చెబుతారు. ఆ యూనివర్సిటీ నుంచి వచ్చే దొర కూడా మన పిల్లలతో పాటే పొలంలో పని చేస్తాడట.

ఒప్పందంలో పరిశోధకుల పేర్ల దగ్గర మీ పేరు మొదట రాయించిందట. “ఆయన లేరుగా?” అని ప్రిన్సిపాల్ గారు అడిగితే, “షరతులు ఆయనవేనండి” అందట.

కాఫీ తాగి బస్సుకు వెళ్లిపోయింది. ఇక మీరు దిగులుపడాల్సిన పని లేదని చెబుదామని ఇది రాస్తున్నాను. మధ్యాహ్నం నేను కంటినిండా నిద్రపోయాను.

మీ
అన్నపూర్ణ