1967లో పుట్టినవాడి సంజాయిషీ

అమ్మడూ,

పిన్ని ఇంట్లో కులాసాగా ఉన్నావని తెలిసింది. ఇక్కడ కుట్టుమిషన్ల రిపేరు కొట్టు వేళకే తెరుస్తున్నాను.

పన్నెండు రోజుల క్రితం నువ్వు, "నీతో నావల్ల కాదు నాన్నా, నువ్వు పక్కా బూమర్‌వి" అని వెళ్లిపోయావు. లైబ్రరీకి వెళ్లి ఆ మాటకు అర్థం చూశాను. 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్లట. నేను పుట్టింది 1967లో. కాబట్టి అది నాకు వర్తించదు, మీ పెదనాన్నకు వర్తిస్తుంది. ఆయనకు చెప్తే, "నీ కూతురు నిన్నంటే నా మెడకు చుడతావేంట్రా!" అన్నాడు.

తర్వాత నా రోజువారీ పుస్తకం తిరగేశాను. నువ్వు వెళ్లిన రోజు ఇలా రాసి ఉంది: "మోటారు మిషన్లు తనకు వదిలేయమంది. మా కాలంలో ఆడపిల్లలు మోటార్లు విప్పలేదన్నాను." ఆ ఒక్క నెలలోనే 'మా కాలంలో' అని పంతొమ్మిది చోట్ల ఉంది. సంవత్సరం సరిపోలేదు గాని, పాతకాలపువాడినన్న నీ మాట సరిపోయింది.

నిన్న పక్కవీధి టైలరమ్మ మోటారు మిషను తెచ్చింది. విప్పాను. బిగించడం చేతకాలేదు. "మా అమ్మాయి చూస్తుంది" అన్నాను. "ఎప్పుడండీ?" అంది. నీకు రాసి కనుక్కుంటానన్నాను.

కిటికీ దగ్గర నీకు బల్ల వేశాను. మరలన్నీ డబ్బాలో ఉన్నాయి. ఒకటి తక్కువైంది, వెతుకుతున్నాను.

మీ నాన్న